మూటకి రెండో మనిషి

కంపైలరు మళ్ళీ అలిగింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు గబగబా పైకి పాకుతూ పోయి, ఉన్నట్టుండి ఎర్రబడి ఆగిపోయాయి. మూటలాయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కు తెరకి తగిలేంత దగ్గరగా వంగి, ఆ ఎర్ర వాక్యాన్ని కూడబలుక్కుంటూ చదివాడు. దగ్గరివి చదవడానికి వేరే జోడు చేయించుకోమని కంటి డాక్టరు మొత్తుకుని చాలా కాలమైంది. ఈయన చేయించుకున్నది ఒకటే జోడు, అదీ నుదురు చూడ్డానికే అన్నట్టు ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

"అలుగమ్మా, అలుగు," అన్నాడు. "ఇవాళ నీ అలకలు తీర్చడం తప్ప నాకింకో పనేముంది?"

అలక పెద్దదేం కాదు. ఆయన చేతిలో ఉన్న ఈ పాత పనిముట్లు రాసినవాళ్ళ కాలంలో ప్రోగ్రాముల్లో ఏ ముక్క ఏ ముక్కనైనా పేరు పెట్టి పిలిచేది, పిలిస్తే పలికేది. రాసినదాన్ని కంప్యూటరు భాషలోకి మార్చే ఈ కొత్త కంపైలరుకి మర్యాదలెక్కువ. ముందు పరిచయం చెయ్యనిదే ఎవరి పేరూ ఎత్తనివ్వదు. మూటలాయన ఫైలు పైకి వెళ్ళి, పరిచయం చేస్తూ ఒక్క వరుస రాసి, మళ్ళీ మొదలుపెట్టమన్నాడు. ఈసారి అక్షరాలు ఇంకాస్త దూరం పాకి, ఇంకో పేరు దగ్గర ఆగాయి. దానికీ పరిచయం రాశాడు. పొద్దున్నుంచీ పెళ్ళిళ్ళ పేరయ్య పనిలా ఉందని తనలో తనే నవ్వుకున్నాడు.

ఆ ఆఫీసులో తయారుచేసేది కంప్యూటరుని నిద్ర లేపి నడిపించే ఆపరేటింగ్ సిస్టం. అందులోకి వేల ప్రోగ్రాములు చేరతాయి. ఒక్కో ప్రోగ్రాముని ఒక్కో మూటగా కట్టాలి: లోపల ఏముంది, దానికి తోడు ఏం కావాలి, ఏ ముక్క ఎక్కడ పెట్టాలి, వద్దనుకుంటే మరక లేకుండా ఎలా తియ్యాలి, అన్నీ మూటలోనే రాసి ఉండాలి. మిగతావాళ్ళు దాన్ని ప్యాకేజీ అంటారు. ఈయన మాత్రం మూటే అంటాడు. పడుచుతనంలో సరుకుల షెడ్డులో నిజం మూటలే కట్టేవాడు మరి. గోనెసంచీ నోరు బిగించి తాడు ముడి వేస్తుంటే అక్కడి మేస్త్రి వెనకనుంచి అరిచేవాడు, "ఒరే, ముడి వెయ్యడం గాడిదకైనా వస్తుంది, విప్పడానికి వచ్చేలా వెయ్యి!" అని. సాయంత్రం క్లాసుల్లో కంప్యూటరు నేర్చుకుని, ఎలాగోలా ఈ ఆఫీసులో పడి, జుట్టు నెరిసేదాకా ఇక్కడే ఉండిపోయాడు కానీ, ఈ పని గురించి ఆయనకి తెలిసిన మూలసూత్రం ఇప్పటికీ ఆ అరుపే.

ఆయన బల్ల కిటికీ పక్కన. కిటికీలోంచి చూస్తే కింద బస్సుల్ని కడిగే చోటు కనబడుతుంది. మట్టికొట్టుకుపోయిన బస్సు ఒక పక్కనుంచి లోపలికి వెళ్ళి రెండో పక్కనుంచి నీళ్ళు కారుతూ బయటికొస్తుంది. కంపైలరు పనిచేస్తున్నంతసేపూ ఆయన ఆ బస్సుల్నే చూస్తాడు. మనిషి బొద్దుగా ఉంటాడు, చొక్కా చేతులు మోచేతుల పైకి మడుస్తాడు, బొటనవేళ్ళు బరువుగా మీటల మీద పడి గదంతా టకటకలాడుతుంది. కుర్చీకి ఒక చక్రం ఊడిపోయి ఏళ్ళయింది. ఎటు వంగితే పడిపోతుందో ఆయన ఒంటికి తెలుసు కాబట్టి మార్పించలేదు.

ఇవాళ్టి మూట ఆయన చేతిలో ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది. ఇంకో కంప్యూటరుని పేరు పెట్టి పిలిచి మాట్లాడించే టెల్నెట్, ఫైళ్ళు మోసుకెళ్ళి ఇచ్చే ఎఫ్టీపీ, అవతల ఎవరైనా ఉన్నారా అని తలుపు తట్టి చూసే పింగ్, ఇంకా అలాంటివే. బొమ్మలుండవు, బటన్లుండవు. ఒక మాట టైపు చేస్తే ఒక మాట బదులొస్తుంది. కొత్తొక వింత, పాతొక రోత అన్నారు కదా, వీటి మొహం చూసేవాళ్ళు తగ్గిపోయారు.

సాయంత్రానికి కొత్త వెర్షన్ తలుపులు మూసేస్తారు. ఈలోపు మూట లోపల పడాలి. కట్టడమొక్కటే అయితే ఆయనకి బెంగే లేదు. ఆ ఆఫీసుకి ఒక నియమముంది. ఏ మూటకైనా ఇద్దరు పూచీ ఉండాలి. ఒకరు జబ్బుపడ్డా, ఉద్యోగం మానేసినా, మూట దిక్కులేనిది కాకూడదని. ఈ మూటకి రెండో మనిషిగా ఉన్నావిడ ఈమధ్యే రాజీనామా చేసి పూలమొక్కల నర్సరీ పెట్టుకుంది. "ఇక మొక్కలకి తప్ప ఎవరికీ నీళ్ళు పొయ్యను బాబోయ్," అని దణ్ణం పెట్టి మరీ వెళ్ళింది. తలుపులు మూసేలోపు రెండో పేరు చేరకపోతే మూట బయటే ఉండిపోతుంది. బయట ఉండిపోయినవాటిని మళ్ళీ లోపలికి తెచ్చినవాళ్ళని ఆయన తన సర్వీసులో చూడలేదు.

ఆఫీసులో దాదాపు అందరినీ అడిగాడు. "మీరు అడగడమూ నేను కాదనడమూనా!" అన్నాడొకడు, అని కాదన్నాడు. తెర మీది అక్షరాల అందాలు చూసే అమ్మాయి, "అంకుల్, దాన్ని చూస్తే మా తాతయ్య పెట్టె గుర్తొస్తుంది. ముట్టుకుంటే తుమ్ములు," అంది. అందరికీ ఆయనంటే ఇష్టమే. ఇష్టం వేరు, పూచీ వేరు.

ఫోను మోగింది. తెర మీద పేరు చూసి ఆయన మొహం విప్పారింది.

"అన్నయ్యా, నేనే."

చూపులేని పిల్లలు వేళ్ళతో తడిమి చదివే బ్రెయిలీ చుక్కల పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ఆమె పనిచేస్తుంది. ఆమెకీ చూపు లేదు. ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ కలవలేదు. ఏళ్ళ కిందట, పనిముట్టులో ఏదో తేడా వస్తే మూట మీద ఉన్న ఈయన నంబరు పట్టుకుని ఫోను చేసింది. మొదటి రోజు సార్ అంది, రెండోసారికి అన్నయ్య అయిపోయాడు. వాళ్ళ అచ్చుమిషను పాతది, చేసిన కంపెనీ ఏనాడో మూతపడింది. దానికి ఎఫ్టీపీతో పేజీలు అందించి, టెల్నెట్‌తో "మొదలుపెట్టు" అంటే మొదలుపెడుతుంది, ఇంకే భాషలో చెప్పినా వినదు. పోయిన వారం వాళ్ళ కంప్యూటరు చచ్చిపోయింది. కొత్తది ఈ కొత్త వెర్షన్‌తోనే, తలుపులు మూయకముందే వాడి చూడమని ఇచ్చే ముందస్తు ప్రతితో వచ్చింది. అందులో ఈ మూట లేదు. ఆ రోజునుంచీ మిషను మూగగా నిలబడి ఉంది.

"ఏమైందన్నయ్యా? పిల్లల బడులు తెరుస్తున్నారు. పాఠాల పుస్తకం సగంలో ఆగిపోయింది. మా పెద్దసారు పొద్దున్నుంచీ నా చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు."

"కడుతున్నానమ్మా. కట్టడం అయిపోవచ్చింది. మనిషే దొరకలేదు."

"నాకు విడిగా పంపించెయ్యకూడదూ?"

"పంపిస్తాను. మీ కంప్యూటరు తీసుకోవాలి కదా? బయటి సరుకు ముట్టుకోకుండా మీ పెద్దసారే తాళం వేయించాడు. అది విప్పినా, రేపు ఏదో ఒకటి మారగానే ఇది తెగుతుంది. అప్పుడు చూసుకునే దిక్కుండదు. లోపలికే వెళ్ళాలి."

"సరే అన్నయ్యా. మీరున్నారు కదా," అని పెట్టేసింది. ఆ చివరి మాట విని ఆయన ఫోనుని బల్ల మీద బోర్లించాడు. తానొక్కడే ఉండటమే కదా ఇప్పుడు వచ్చిన చిక్కు!

మధ్యాహ్నానికి అక్షరాలు ఎక్కడా ఎర్రబడకుండా చివరిదాకా పాకాయి. మూటని, ఆఫీసువాళ్ళ కంప్యూటర్లు ముందుగా తెచ్చుకుని వాడి చూసే పరీక్షల అరలో పెట్టి, భార్య కట్టిచ్చిన డబ్బా విప్పుకున్నాడు. ఆవిడ ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు సరిచేస్తుంది, లావయినవాళ్ళకి వదులు చేస్తుంది, చిక్కినవాళ్ళకి బిగిస్తుంది. "మీదీ నాదీ ఒకటే బతుకండీ, పాత బట్టకి కొత్త అతుకు," అంటుంది. రెండు ముద్దలు తిన్నాడో లేదో, వసారాలో చెప్పుల చప్పుడు, వెనకే తాళాలాయన.

తాళాలాయన పని కన్నాలు వెతకడం. ఏ ప్రోగ్రాములో ఏ సందులోంచి దొంగ దూరతాడో కనిపెట్టి మూయించాలి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, చొక్కా గుండీలు గొంతుదాకా పెడతాడు. అనుమానం ముందు పుట్టి ఆయన తర్వాత పుట్టాడని ఆఫీసులో చెప్పుకుంటారు. ఈ పాత మూటంటే ఆయనకి మొదటినుంచీ పడదు.

"మీ ముసలి మూట నా పింగ్‌ని మింగేసిందండీ!"

"అదెలా?"

"ఎలా ఏమిటండీ! పరీక్షల అరలోంచి నా కంప్యూటరు దాన్ని తెచ్చుకుంది. సగం పెట్టి ఆగిపోయింది. ఇప్పుడు నా పాత పింగ్ లేదు, మీ పింగూ లేదు. రెంటికి చెడ్డ రేవడినయ్యాను!"

మూటలాయన చెయ్యి కడుక్కోకుండానే తెర దగ్గరికి వంగాడు. తప్పు కనిపించడానికి ఎంతోసేపు పట్టలేదు. పింగ్ ఇప్పటికే వేరే మూటలో సిస్టంలో ఉంది. పాత మూటలో పింగ్‌ని వదిలెయ్యమని చెప్పే వరుస ఒకటి ఉండేది. నిన్న అంతా శుభ్రం చేస్తున్న ఉత్సాహంలో, ఇదేదో పాత చెత్త అనుకుని ఆయనే చెరిపేశాడు. ఒకే ఇంటికి ఒకే పేరున్న అల్లుళ్ళిద్దరు వచ్చి, గుమ్మంలో ఒకరినొకరు తోసుకుని, ఇద్దరూ బయట పడ్డారు.

"తప్పు నాదేనండీ," అన్నాడు. "పూర్తిగా నాదే. కూర్చోండి, మీది ముందు బాగుచేస్తాను."

దెబ్బలాటకి సిద్ధపడి వచ్చినవాడికి ఇంతకంటే ఇబ్బంది ఉండదు. తాళాలాయన కాసేపు నిలబడి, చేసేదేం లేక కూర్చున్నాడు. సరిగ్గా చక్రం ఊడిన కుర్చీలోనే కూర్చుని పక్కకి ఒరిగి, బల్ల పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"మీ కుర్చీ కూడా అంతేనా!"

"ఎడమ వైపు వంగకండి, అది మంచిదే."

మూటలాయన వరుసని తిరిగి చేర్చి, అవతలివాడి పింగ్‌ని ప్రాణంతో లేపి, మూట మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. తాళాలాయన తెర వంకే చూస్తున్నాడు.

"అసలు ఇదంతా ఎందుకండీ? టెల్నెట్‌లో చెప్పే మాటకి ముసుగుండదు, దారిలో ఎవడైనా వింటాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"నిజమే."

"నిజమే అంటారు, మళ్ళీ కడతారు!"

"దారే లేని ఇల్లు కూడా ఉంటుందండీ. అక్కడ వినేదెవరు?"

"సరే, పిలిచేవాటిని ఉంచుకోండి. అవతల కూర్చుని, పిలుపు రాగానే తలుపు తీసి పలికేవి కూడా ఇందులోనే ఎందుకు? ఎవడో తెలీక పెట్టుకుంటాడు, వాడింటి తలుపు బార్లా తెరుచుకుంటుంది. సగం తీసెయ్యండి. అప్పుడు నేను నోరెత్తను."

మూటలాయన తెర మీద ఆ పేర్ల జాబితా తెరిచాడు. పిలిచేదీ పలికేదీ రెండూ ఒకే మనుషులు, ఒకే చేత్తో, ఒకదానికోసం ఒకటి రాసినవి. ఎన్ని వెర్షన్లు మారినా ఆయన వాటిని విడదియ్యలేదు. ఎవరూ వాడటం లేదని తెలిసీ, జంటగా ఉండనీ అని కట్టుకుంటూ వచ్చాడు. ఇప్పుడు సగం తీసెయ్యాలంటే ఆయనకి నిజంగానే బాధ కలిగింది. కింద ఒక బస్సు స్నానం ముగించుకుని బయటికొచ్చింది. ప్రెస్సుకి కావలసింది పిలిచేవే. పలికేది ఆ మిషనులోనే ఉంది. తాళాలాయన చెప్పినదాంట్లో తప్పేముంది? ఎంత వెతికినా కనిపించలేదు.

"తీసేస్తాను," అన్నాడు.

ఒక్కో పేరూ చూసి చూసి చెరిపాడు. సగం మూట పోయింది. మిగిలింది చిన్నగా, చేతిలో పట్టేంత ఉంది. చూస్తే అదీ బాగానే ఉందనిపించి ఆయనకే ఆశ్చర్యమేసింది.

సరిగ్గా అప్పుడే ప్రెస్సునుంచి మళ్ళీ ఫోను. మూటలాయన ఒక్క క్షణం ఆలోచించి, అందరికీ వినబడేలా పెట్టి బల్ల మీద ఉంచాడు.

"చెల్లెమ్మా, ఇక్కడ మా తాళాలాయన ఉన్నారు. ఆయనేదో అడుగుతారట, చెప్పు."

తాళాలాయన ఏమీ అడుగుతాననలేదు. అయినా గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మీ మిషనుకి వెళ్ళే తీగ ఇంకెక్కడికైనా పోతుందా? బయటికి?"

"బయటికా? నా బల్లనుంచి మిషను దాకా అంతే బాబుగారూ. ఒక్క గది. లేచినప్పుడల్లా నా నడుముకే తగులుతుంది."

"ఇంకెవరైనా దాన్ని..."

"ఎవరూ ముట్టుకోరు. నేను ఒకమాట టైపు చేస్తాను, కంప్యూటరు నాకు చదివి వినిపిస్తుంది. ఈ కొత్తవాటిలో అన్నీ బొమ్మలేనట కదా, నాకెందుకవి? నల్ల తెరో తెల్ల తెరో నాకు తెలీదు కానీ, మాటకి మాట బదులిస్తే చాలు."

"కొత్త మిషను కొనరా?"

"ఇది బాగానే ఉంటే ఎందుకు బాబూ? దీని దెబ్బకి చుక్క ఎంత గట్టిగా లేస్తుందనుకున్నారు! కొత్తవాటి చుక్కలు పిల్లలు నాలుగుసార్లు చదివితే అణిగిపోతాయి."

ఫోను పెట్టేశాక తాళాలాయన కిటికీలోంచి బస్సుల వంక చూస్తూ కూర్చున్నాడు. గొంతు దగ్గరి గుండీ విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"దారే లేని ఇల్లు అంటే ఇదేనన్నమాట," అన్నాడు.

"ఇదే."

"ముందే చెప్పొచ్చుగా?"

"మీరు అడగలేదు. నేను మీ దగ్గరికి రావడానికి భయపడ్డాను. నిజం చెప్పొద్దూ, అందరినీ అడిగాను, మిమ్మల్ని తప్ప."

తాళాలాయన నవ్వాడు. ఆయన నవ్వగా ఆ గదిలో ఎవరూ చూడలేదు. ముందు పళ్ళ మధ్య ఇంత సందు. ఊళ్ళో కన్నాలన్నీ మూయించి తన కన్నం వదిలేసుకున్నాడని మూటలాయనకి అనిపించింది కానీ అనలేదు.

"జరగండి," అన్నాడు తాళాలాయన. మీటలు దగ్గరికి లాక్కుని, మూట మీద ఈయన పేరు కింద తన పేరు రాసుకున్నాడు. "ఏదైనా కన్నం దొరికిందంటే మాత్రం మొదట నేనే తిడతాను."

"మీరు కాక ఇంకెవరు తిడతారండీ!"

పొద్దు వాలుతుండగా కొత్త వెర్షన్ తలుపులు మూసే పెద్ద మేడం తన గది గుమ్మంలోకొచ్చి, బస్సు కదిలేముందు కండక్టరులా కేకేసింది. "మూసేస్తున్నాను! ఎక్కేవాళ్ళు ఎక్కండి, మళ్ళీ నన్ననొద్దు!" మూటలాయన బరువైన బొటనవేలు మీట మీద పడింది. మూట లోపలికి వెళ్ళింది. చప్పట్లు కొట్టేవాళ్ళెవరూ లేరు, ఆయనకవి గుర్తుకూడా రాలేదు. చెల్లెమ్మకి ఫోను చేసి "వెళ్ళింది. తెచ్చుకో," అన్నాడు. ఆమె సరే అనడం కూడా వినకుండా డబ్బా సర్దుకున్నాడు.

ఇల్లు చేరేసరికి కాస్త ఆయాసంగా ఉంది. మెట్ల మధ్యలో ఆగి, పై మెట్టు మీద కూర్చున్న పొరుగింటి పిల్లిని పలకరించి, మళ్ళీ ఎక్కాడు. భార్య మిషను మీద ఎవరిదో కోటు లైనింగు కుడుతోంది. దారం నోట్లో పెట్టుకునే, "ఎక్కించారా?" అంది.

"ఎక్కించాను."

"రెండో మనిషి?"

"ఎవరో చెప్పుకో చూద్దాం."

"మీ తాళాలాయన."

"నీకెలా తెలుసే!"

"మీరు ఆయన్ని రోజూ తిట్టుకుంటారు. అంత తలుచుకునే మనిషి ఇంకెవరున్నారు మీకు?"

ఆయన పడీపడీ నవ్వాడు. బాల్కనీలో వాలుకుర్చీ వేసుకుని కూర్చుంటే ఆవిడ ఒక కమలాపండు పళ్ళెంలో పెట్టి తెచ్చిచ్చి, "అన్నీ మీరే తినెయ్యకండి," అని మళ్ళీ కోటు దగ్గరికి వెళ్ళింది. ఎదురింటి గోడమీద ఎండ పసుపుపచ్చగా ఉంది. సగం మూట పోయినా ఆయనకిప్పుడు దిగులు లేదు. చెయ్యాల్సిన పని చేసిన రోజు ఒళ్ళు ఎలా తేలిగ్గా ఉంటుందో అలా ఉంది. పండు వలుస్తూ ఏదో కూనిరాగం తీశాడు. లోపల మిషను చప్పుడులో అది ఆవిడకి వినబడుతూనే ఉంది, తర్వాత ఆగిపోయింది. కునుకు తీస్తున్నాడనుకుంది.

ఫోను మోగితే ఆవిడే తీసింది.

"వదినా, నేను ప్రెస్సునుంచి. అన్నయ్య ఉన్నాడా?"

"కునుకు పట్టిందమ్మా. లేపనా?"

"అయ్యో, వద్దొద్దు. నడిచిందని చెప్పండి చాలు. నడుస్తోంది వదినా! మీరే వినండి!" ఆమె ఫోనుని మిషను దగ్గర పెట్టినట్టుంది. టకాటకా, టకాటకా, మేకులు కొట్టినట్టు గట్టి చప్పుడు. వెనక ఎవరో, పెద్దసారే కాబోలు, సంతోషంతో కేకలేస్తున్నాడు.

ఆవిడకి మొహమంతా నవ్వొచ్చింది. "ఉండమ్మా, ఇది ఆయన వినాల్సిందే," అని ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళింది. "ఏవండీ, మీ మిషను నడుస్తోందట!" వంగి, ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది. ఆ చప్పుడుకైనా కళ్ళు తెరిచి ఏదో వేళాకోళం ఆడతాడని చూసింది. టకాటకా, టకాటకా. కళ్ళజోడు నుదుటి మీదే ఉంది. పెదవులు ఇంకా కూనిరాగంలో ఉన్నట్టే ఉన్నాయి. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన వేళ్ళు తిరిగి పట్టుకోలేదు. పట్టుకున్నాక కూడా చాలాసేపు ఫోను ఆయన చెవి దగ్గరినుంచి తియ్యలేదు.

మూట ఎక్కడికీ పోలేదు. మర్నాడు ప్రెస్సునుంచి వచ్చిన సందేహానికి తాళాలాయన బదులిచ్చాడు, ఆ తర్వాత వచ్చినవాటికీ ఆయనే ఇచ్చాడు. అదంతా తర్వాతి సంగతి. ఆ సాయంత్రం బాల్కనీలో, కుర్చీ పక్కన నేలమీద పళ్ళెం ఉంది. అందులో ఒకవైపు తొక్కలు, ఇంకోవైపు ఆవిడ వాటా సగం కమలాపండు, తెల్లటి పీచు ఒక్కటి కూడా లేకుండా తీసి, తొన తొనా విడదీసి పెట్టి ఉంది.